హుస్సేన్‌సాగర్ మీద గాలి పందెం

ట్యాంక్‌బండ్ మీద బండి ఆపి సెల్ఫీ దిగని హైదరాబాదీ ఉండడు. వెనకాల బుద్ధుడు పడాలి, సూర్యుడు కాస్త కిందికి దిగాలి, ముక్కు మాత్రం కొంచెం బిగబట్టుకోవాలి. అంతే కదా మన సాగర్! కానీ జూలైలో పగటిపూట దిగిన ఫొటో ఏదైనా మీ ఫోన్‌లో ఉంటే ఓసారి జూమ్ చేసి చూడండి. బుద్ధుడికి అవతల నీళ్ల మీద తెల్లటి చుక్కలు కనిపించొచ్చు. అవి కొంగలు కావు, తెరచాపలు. వాటిలో చాలా పడవల్లో ఉన్నది పదీ పన్నెండేళ్ల పిల్లలు. ఒక్కో పడవలో ఒక్కరే. ఇంజిన్ లేదు, తెడ్డు లేదు, పక్కన సారు లేడు. గాలి ఒక్కటే.

దీన్నే సెయిలింగ్ అంటారు. పడవలన్నీ ఒకచోట చేరి రోజుల తరబడి పోటీపడితే దాన్ని రెగట్టా అంటారు. ఆ మాట వెనిస్ నుంచి వచ్చింది. మన దగ్గర ఏటా వానాకాలంలో రెండు పెద్ద పోటీలు జరుగుతుంటాయి. ఒకటి హైదరాబాద్ సెయిలింగ్ వీక్. సికింద్రాబాద్‌లోని సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, లేజర్ క్లాస్ అసోసియేషన్‌తో కలిసి దీన్ని నడిపిస్తుంది. మూడు దశాబ్దాలకు పైగా నడుస్తున్న పోటీ ఇది. రెండోది మాన్‌సూన్ రెగట్టా. దీన్ని యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పిల్లల కోసం, కుర్రకారు కోసం నిర్వహిస్తుంది. ఇందులో వచ్చే స్థానాలు జాతీయ ర్యాంకింగ్‌లోకి వెళ్తాయి. అందుకే చెన్నై నుంచి, భోపాల్ నుంచి, గోవాలోని నేవీ బాయ్స్ కంపెనీ నుంచి పిల్లలు బ్యాగులు సర్దుకుని ఇక్కడికి వచ్చేస్తారు.

చెన్నై నుంచా? సముద్రం ఇంటి ముందు పెట్టుకుని, మన చెరువు కోసం రావడమేంటి?

నేనూ మొదట ఇదే అడిగాను. సెయిలింగ్‌కి కావాల్సింది సముద్రం కాదు, గాలి. జూన్ దాటాక నైరుతి రుతుపవనాలు ముంబయి సముద్రాన్ని ఓ పట్టు పడతాయి. ఆ అలల్లో చిన్న పడవలు దింపడం ప్రమాదం. అక్కడి పడవలు వానాకాలం అయ్యేదాకా ఒడ్డునే ఉంటాయి. అదే గాలి పడమటి కనుమలు ఎక్కి, అక్కడే చాలా వాన దించేసి, తేలికై మన దక్కన్ పీఠభూమి మీదికి వస్తుంది. సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉన్న మన ఊరి మీద జూన్, జూలై, ఆగస్టుల్లో పగలంతా వీస్తూనే ఉంటుంది. ఆ నెలల్లో మేడ మీద ఆరేసిన బట్టలు పక్కింట్లో దొరకడం మనకు అనుభవమే కదా. ఆ గాలి కిందే దాదాపు 5.7 చదరపు కిలోమీటర్ల నీళ్లు, పెద్దగా అలల్లేకుండా పరుచుకుని ఉన్నాయి. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ ఈ చెరువు కట్టించినప్పుడు తాగునీళ్లే లెక్క. దీని మీద తెరచాపల పందేలు జరుగుతాయని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు.

గాలి బాగా వీస్తుందని చెప్పాను కానీ, బుద్ధిగా వీస్తుందని చెప్పలేదు. అసలు సంగతి అక్కడే ఉంది.

సముద్రం మీద గాలికి అడ్డు ఉండదు. ఒక దిక్కు పట్టుకుంటే గంటల తరబడి దాదాపు అలాగే వస్తుంది. సాగర్ సంగతి వేరు. పడమటి గాలి ఖైరతాబాద్, సోమాజిగూడ మేడల మీదుగా, ఫ్లైఓవర్ పక్కగా, నెక్లెస్ రోడ్డు చెట్ల సందుల్లోంచి నీళ్ల మీదికి దిగుతుంది. ఒక అపార్ట్‌మెంట్ దాన్ని రెండుగా చీలుస్తుంది. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య సందు దాన్ని పైపులోంచి వచ్చినట్టు విసిరికొడుతుంది. ఎత్తుగా ఉన్న ప్రతిదానికీ అవతల పక్కన గాలినీడ పడుతుంది. ఎండకు నీడ పడ్డట్టే. ఆ నీడలోకి వెళ్లిన పడవ తెరచాప ఒక్కసారిగా తడిసిన దుప్పటిలా వేలాడిపోతుంది. నది మధ్యలో పెట్రోల్ అయిపోయినట్టన్నమాట. అరవై అడుగుల దూరంలో ఉన్న ఇంకో పడవ మాత్రం అదే సమయంలో దూసుకెళ్లిపోతుంటుంది. అదృష్టం అనుకుంటాం మనం. ఒడ్డున కూర్చున్న కోచ్‌లు దాన్ని అదృష్టం అనరు, చూపు అంటారు.

సంజీవయ్య పార్కులో 291 అడుగుల జెండా స్తంభం ఉంది కదా, 2016 జూన్ 2న ఎగరేసిన పెద్ద జాతీయ జెండా. నాలాంటి కొత్తవాళ్లకు గాలి ఎటు నుంచి వస్తోందో చెప్పడానికి అంతకంటే మంచి గుర్తు ఇంకేం కావాలి అనుకున్నాను. ఒడ్డున లైఫ్ జాకెట్ బిగించుకుంటున్న ఒక అమ్మాయితో అదే అన్నాను. ఆమె నవ్వలేదు, పాపం అన్నట్టు చూసింది.

“అన్నా, జెండను నమ్మొద్దు. ఆ గాలి పైనున్నది. మాది నీళ్ల మీదిది.”

“మరి నీళ్ల మీది గాలి ఎట్ల కనిపిస్తది?”

“అగో, ఆడ నీళ్లు నల్లగైనయ్ చూడు. అది గాలి. ఇటే వస్తాంది. ఇంకో నిమిషంల మన దగ్గరుంటది.”

చూశాను. బూడిదరంగు నీళ్ల మీద ఒకచోట సన్నటి ముడతలు పడి, ఆ ముక్క కాస్త ముదురుగా కనిపిస్తోంది. అది కదులుతూ వచ్చింది. మా మొహాలకు తగిలింది. నిమిషం కూడా పట్టలేదు. వచ్చే గాలిని ముందే కంటితో చూడొచ్చని నాకు ఆ రోజే తెలిసింది. ఆ పిల్లకు మాత్రం అది బస్సు నంబరు చదివినంత మామూలు విషయం.

ఆమె ఎక్కిన పడవ పేరు ఆప్టిమిస్ట్. పిల్లలు ముద్దుగా ఆప్టీ అంటారు. 2.3 మీటర్ల పొడవు, 35 కిలోల బరువు. చూడ్డానికి స్నానాల తొట్టికి తెరచాప కట్టినట్టు ఉంటుంది. ఈ మాట పిల్లల దగ్గర అనకండి. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల మేస్త్రీ, పిల్లలకి తక్కువ ఖర్చులో దొరకాలని గీసిన డిజైన్ అది. ఇప్పటికీ ప్రపంచమంతా పిల్లలు దీని మీదే నేర్చుకుంటున్నారు. కాస్త పెద్దయ్యాక ఎక్కేది ఐఎల్‌సీఏ. పాతపేరు లేజర్. 4.2 మీటర్ల పొడవు, ఒక్కరే నడపాలి. ఒకే పడవకి మూడు సైజుల తెరచాపలు దొరుకుతాయి. మనిషి బరువును బట్టి ఎంచుకోవాలి. ఇద్దరు కలిసి నడిపేవీ ఉన్నాయి. 420, 470 అని వాటి పేర్లు. సెంటీమీటర్లలో వాటి పొడవే వాటి పేరు. ఈ పద్ధతి నాకు నచ్చింది. మనుషులకు కూడా ఇలా పెడితే స్కూల్లో చాలా గొడవలయ్యేవి.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. గాలి వెనక నుంచి తోస్తే పడవ ముందుకు వెళ్తుంది, సరే. గాలికి ఎదురెలా వెళ్తుంది?

బస్సులో కిటికీలోంచి చెయ్యి బయట పెట్టే అలవాటు ఉంటే (పెట్టొద్దు, కానీ అందరం పెట్టాం) మీకు సగం తెలిసినట్టే. అరచేతిని కాస్త ఏటవాలుగా తిప్పితే గాలి దాన్ని వెనక్కి కాకుండా పైకి లేపుతుంది. తెరచాప ఆ అరచెయ్యి. గాలి దాన్ని పక్కకి లాగుతుంది. పడవ కింద నీళ్లలోకి దిగి ఉండే పలక ఒకటుంటుంది, డాగర్‌బోర్డు అంటారు. అది పడవను పక్కకి జారనివ్వదు. ఇక పడవకి మిగిలింది ముందుకు జారడమే. సీతాఫలం గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే ఎలా ముందుకు ఎగురుతుందో అలా.

అయినా గాలికి సూటిగా ఎదురు వెళ్లడం మాత్రం కుదరదు. సుమారు 45 డిగ్రీలు పక్కకి తిరిగి వెళ్లాలి. కాసేపు ఎడమకి, కాసేపు కుడికి. తిరుమల ఘాట్ రోడ్డు గుర్తు తెచ్చుకోండి. బస్సు కొండ మీదికి సూటిగా ఎక్కదు కదా, మలుపులు తిరుగుతూ ఎక్కుతుంది. ఇదీ అంతే. తేడా ఏంటంటే, ఇక్కడ మలుపు ఎక్కడ తిరగాలో రోడ్డు చెప్పదు. ఎవరికి వాళ్లే నిర్ణయించుకోవాలి. పైగా కొండే అటూ ఇటూ కదులుతుంటుంది! గాలి పది డిగ్రీలు కలిసొచ్చేలా తిరిగితే ముందున్నవాళ్లను దాటేయొచ్చు. తిప్పికొడితే అదే మలుపులో పదిమంది వెనక పడిపోవచ్చు. అందుకే సాగర్‌లో మొదటి మార్కు దగ్గర మొదట ఉన్నవాళ్లే చివరికి గెలుస్తారని ఎవరూ పందెం కాయరు.

మార్కులంటే నీళ్ల మీద తేలే పెద్ద రంగు బుడగలు. ఒకటి గాలి వచ్చే వైపు, ఒకటి గాలి వెళ్లే వైపు. వాటిని చుట్టి రావాలి. వినడానికి సులువే. స్టార్ట్ చూస్తే మాత్రం కళ్లు తిరుగుతాయి.

పరుగుపందెంలో అయితే గీత దగ్గర నిలబడొచ్చు. పడవకి బ్రేకులుండవు కదా, నిలబడదు. అందుకే అయిదు నిమిషాల కౌంట్‌డౌన్. అయిదు నిమిషాలుందనగా హారన్ మోగి ఆ విభాగం జెండా లేస్తుంది. నాలుగు నిమిషాలుందనగా ఇంకో జెండా, ఎక్కువగా నీలం మధ్యలో తెల్ల చదరం ఉన్నది. ఒక నిమిషం ఉందనగా అది దిగుతుంది. సున్నాకి మొదటి జెండా దిగితే స్టార్ట్. ఈ అయిదు నిమిషాలూ పడవలన్నీ సంతలో మనుషుల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గీత చుట్టూ తిరుగుతుంటాయి. సరిగ్గా సున్నాకి, పూర్తి వేగంతో, గాలి బాగా ఉన్న చోట గీత దాటాలి. ఒక్క సెకను ముందు దాటారా, వెనక్కొచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. చాలామంది ముందే దాటేస్తే అందర్నీ వెనక్కి పిలుస్తారు. అదీ అయ్యాక నల్ల జెండా ఎత్తారంటే ఇక వెటకారాల్లేవు. ఆఖరి నిమిషంలో గీతకి అవతల కనిపించినవాళ్లు ఆ రేసు నుంచి అవుట్.

నాకు అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. క్రికెట్‌లో బ్యాట్‌కి తగిలిందని తెలిసినా అంపైర్ వంక అమాయకంగా చూస్తాం. ఇక్కడ ప్రతి పడవ పక్కన అంపైర్ ఉండడు. గాలి కుడిపక్క నుంచి తగులుతున్న పడవకి దారి హక్కు. ఎడమపక్క నుంచి తగులుతున్న పడవ తప్పుకోవాలి. తప్పుకోలేక అడ్డొచ్చారనుకోండి, తప్పు తనదని తెలిసిన మనిషి అక్కడికక్కడే పడవను రెండు చుట్లు గుండ్రంగా తిప్పి, ఆ శిక్ష తనకు తాను వేసుకుని, మళ్లీ పందెంలో కలవాలి. మార్కుని తాకితే ఒక చుట్టు. ఆ చుట్లు తిరిగేలోగా నలుగురు దాటిపోతారు. అయినా తిరుగుతారు. పన్నెండేళ్ల కుర్రాడు, ఎవరూ చూడని చోట, తనంతట తాను రెండు చుట్లు తిరగడం నేను చూశాను. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర రోజూ నిలబడే ఊరి నుంచి వచ్చినవాణ్ని, నాకు కాసేపు నమ్మబుద్ధి కాలేదు.

ఇంతవరకూ గాలి గురించి చెప్పుకున్నాం. నీళ్ల గురించి చెప్పకపోతే అది టూరిజం బ్రోచర్ అవుతుంది.

పడవ బోల్తా పడటం ఈ ఆటలో తప్పు కాదు, రోజువారీ పని. గాలి విసురు తగిలితే పడవ ఒరుగుతుంది. దాన్ని నిలబెట్టడానికి పిల్లలు అంచు మీద కూర్చుని ఒళ్లంతా బయటికి వాలుస్తారు. చాలకపోతే నీళ్లలో పడతారు. డాగర్‌బోర్డు ఎక్కి, బరువంతా వేసి పడవను నిలబెట్టి, నీళ్లు తోడేసి మళ్లీ బయల్దేరతారు. మంచి చెరువులో అయితే ఇది సరదా. సాగర్‌లో? కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నాలుగూ దీంట్లోకే వస్తాయి. ఒకప్పుడు ఊరికి తాగునీళ్లిచ్చిన చెరువులోకి దశాబ్దాల పాటు మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు వచ్చి చేరాయి. నాలాలను మళ్లించారు, శుద్ధి కేంద్రాలు కట్టారు. కానీ పెద్ద వాన పడితే నాలాలు పొంగుతాయి. ఏ వానాకాలం గాలి కోసం దేశమంతటి నుంచి పిల్లలు వస్తారో, ఆ వానాకాలమే ప్లాస్టిక్‌నీ, చెత్తనీ, మురుగునీ చెరువులోకి తోస్తుంది. గాలి, మురుగు ఒకే టికెట్ మీద వస్తాయి. ఇది ఈ చెరువు మీద ఆడేవాళ్లకి దొరికిన వింత బేరం.

చుక్కానికి ఒక కవరు చుట్టుకుంటే చాలు, పడవ వేగం పడిపోతుంది. డాగర్‌బోర్డు పైకి లాగి, చెత్త వదిలించి, మళ్లీ దించాలి. ఈలోగా గుర్రపుడెక్క తీగ ఇంకోటి. ఒలింపిక్స్‌కి వెళ్లాలనుకునే పిల్ల రేసు మధ్యలో పాలకవరు పీకుతుంటుంది. ఆ పాలకవరు ఎవరింటిదో మనకు తెలియదు. ఈ ఊళ్లో ఏదో ఒక ఇంటిదే. సాగర్ శుభ్రం గురించి మనం మాట్లాడేటప్పుడు ఎక్కువగా వాసన గురించి, అందం గురించి మాట్లాడతాం. ఇందులో రోజూ మునిగి తేలే పిల్లలున్నారన్న సంగతి ఆ చర్చలో రాదు. వచ్చి ఉంటే చర్చ ఇంకోలా ఉండేదని నా నమ్మకం.

మరి ఎవరీ పిల్లలు? యాటింగ్ అనగానే కోట్లున్న మనిషి, నల్ల కళ్లద్దాలు, తెల్ల ఓడ గుర్తొస్తాయి. సినిమాల పుణ్యం. ఇక్కడి పిల్లల్లో చాలామంది ప్రభుత్వ పాఠశాలల వాళ్లు. నగరంలోని పేద కుటుంబాల పిల్లలు, జిల్లాల నుంచి ఎంపికై వచ్చిన పిల్లలు. వీళ్లలో కొందరికి ఈత కూడా ఇక్కడికి వచ్చాకే వచ్చింది. అలా హైదరాబాద్ యాట్ క్లబ్‌లో నేర్చుకున్న ప్రీతి కొంగర 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల దాకా వెళ్లింది. 470 మిక్స్‌డ్ విభాగంలో, అంటే ఒక అమ్మాయి ఒక అబ్బాయి కలిసి నడిపే పడవలో, ఇండియా తరఫున పోటీపడింది. అదే క్రీడల్లో నేహా ఠాకూర్ అనే మధ్యప్రదేశ్ అమ్మాయి ఐఎల్‌సీఏ-4లో వెండి పతకం తెచ్చింది. ఆమె నేర్చుకున్నది భోపాల్ పెద్ద చెరువు మీద. అదీ మన సాగర్ లాగే ఎప్పుడో ఒక రాజు కట్టించిన చెరువే. సముద్రం లేని రాష్ట్రం నుంచి సముద్రపు ఆటలో పతకం! చెరువు గాలి మీద చూపు అలవాటైనవాళ్లకి సముద్రపు గాలి కొంచెం నెమ్మదస్తురాలిగా కనిపిస్తుందేమో.

అయితే ఇక్కడో ముడి ఉంది. ఆప్టిమిస్ట్‌కి వయసు పరిమితి ఉంది. పదిహేనో పుట్టినరోజు వచ్చిన సంవత్సరం అయిపోతే ఇక ఆ పడవ ఎక్కకూడదు. అప్పటికి టెన్త్ దగ్గర పడుతుంది. తెలుగు ఇళ్లల్లో టెన్త్ అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. తర్వాత ఇంటర్, ఈఏపీసెట్. సరిగ్గా ఆ వయసులోనే కొత్త పడవ, పెద్ద తెరచాప, రెండు మనుషుల పడవయితే సరిపోయే జోడీ, రోజుకి ఇంకో రెండు గంటల ప్రాక్టీసు కావాలి. ఆప్టీలో జాతీయ స్థాయిలో నిలిచినా ఆ మలుపు దగ్గర ఆగిపోవడం ఈ ఆటలో చాలా మామూలు. అబ్బాయిలకి సైన్యం, నౌకాదళం ఒక దారి. రెండు ఒలింపిక్స్ ఆడి, హాంగ్‌ఝౌలో కంచు గెలిచిన విష్ణు శరవణన్ సైనికుడే. అమ్మాయిలకి ఆ దారి ఇంకా అంత వెడల్పుగా లేదు. నన్నడిగితే ఒక క్లబ్ గొప్పదనం పదేళ్ల పిల్లలతో నింపిన పడవల్లో లేదు. పదహారేళ్లు దాటాక ఎంతమంది ఇంకా నీళ్ల మీద ఉన్నారో లెక్కపెట్టాలి. ఏ పోటీకి వెళ్లినా నేను ఫలితాల షీటులో మొదట చూసేది అదే, ఆ పెద్ద విభాగాల్లో మన ఊరి పేరు ఎన్నిసార్లు ఉందని.

తెరచాప మనకు కొత్తదనుకుంటారేమో. క్రీ.శ. రెండో శతాబ్దపు శాతవాహన నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంది. మోటార్లు, ఫైబర్ బోట్లు వచ్చేదాకా శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన మత్స్యకారులు తెప్పలకి చాప కట్టుకునే వేటకి వెళ్లేవాళ్లు. గాలి తిరిగితే ఇంటికి రావడం ఎలాగో వాళ్లకి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆ విద్య మన తీరంలో ఇంజిన్ల చప్పుడులో మునిగిపోయింది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, ట్రాఫిక్ మధ్యలో ఉన్న చెరువు మీద పిల్లలు ఆటగా నేర్చుకుంటున్నారు. చరిత్రకి కొంచెం చిలిపితనం ఎక్కువ.

మీరూ చూడాలనుకుంటే టికెట్ అక్కర్లేదు. ఎంఎంటీఎస్‌లో వస్తే నెక్లెస్ రోడ్ స్టేషన్, సంజీవయ్య పార్క్ స్టేషన్ రెండూ దగ్గరే. పొద్దున్నే పరిగెత్తి రావద్దు. గాలి ఎండెక్కాక పుంజుకుంటుంది, పదకొండు తర్వాత చూడటం మేలు. పడమటి గాలి ఉన్న రోజు నెక్లెస్ రోడ్డు ఒడ్డున నిలబడితే పడవలు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టు మలుపులు తిరుగుతూ మీ వైపే వస్తాయి. మొదటి మార్కు మీకే దగ్గరగా ఉంటుంది, అసలు తోపులాట అక్కడే. ట్యాంక్‌బండ్ వైపు నుంచి అయితే స్టార్ట్ దగ్గరగా కనిపిస్తుంది. ఫోన్ కెమెరా జూమ్ మీద ఆశ పెట్టుకోకండి, ఎవరి దగ్గరైనా బైనాక్యులర్స్ ఉంటే అడిగి తెచ్చుకోండి. నిప్పుల మీద కాల్చిన మక్కకంకి ఒకటి కొనుక్కోండి, నిమ్మకాయ, ఉప్పుకారం గట్టిగా రుద్దించుకోండి. ఎందుకంటే ఎదురుచూపు ఉంటుంది. గాలి పడిపోతే కమిటీ పడవ మీద ఎరుపు తెలుపు చారల జెండా లేస్తుంది. ఆగండి అని దానర్థం. ఎంతసేపు అని అడిగితే ఎవరూ చెప్పలేరు. రీల్స్‌లో ఇరవై సెకన్లు ఆగలేని మనకి అది పరీక్షే. నీళ్ల మీద ఉన్న పిల్లలు మాత్రం ఒకరి పడవ ఒకరు పట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ, ఓ కంటితో పడమర వైపు చూస్తూనే ఉంటారు. ముందు నీళ్లు నల్లబడిన చోటు ఎవరికి కనిపిస్తే వాళ్లు నోరు మూసుకుని మెల్లగా అటు జరుగుతారు.

స్కోరు లెక్క కూడా తెలుసుకుని వెళ్లండి, లేకపోతే తికమక పడతారు. మొదట వచ్చినవాళ్లకి ఒక పాయింటు, రెండో స్థానానికి రెండు, పదో స్థానానికి పది. ఎవరికి తక్కువుంటే వాళ్లే విజేత. రోజుకి రెండు మూడు రేసులు, కొన్ని రోజుల పాటు. తగినన్ని రేసులయ్యాక ఒక్కొక్కరి అన్నిటికంటే చెత్త ఫలితం ఒకటి తీసేస్తారు. ఒకరోజు బోల్తా పడినవాళ్లకి బతకనిచ్చే రూలు అది. ఇంటర్ బోర్డు వాళ్లు కూడా పరిశీలించొచ్చు.

సాయంత్రం నాలుగు దాటాక పడవలు ఒడ్డుకి వస్తాయి. చక్రాల బండి మీద ఎక్కించి పైకి లాక్కొస్తారు. పెద్దపిల్లలు చిన్నపిల్లల పడవలు కూడా లాగుతారు. ముందు పైపుతో పడవలు కడుగుతారు, తర్వాత అదే పైపు కింద తలలు పెడతారు. తెరచాపలు చుట్టి, తాళ్లు విప్పి, చుక్కానులు లెక్కపెట్టి లోపల పెడతారు. గొడవలేమైనా ఉంటే అప్పుడు తేలుస్తారు. నేను వెళ్లిన రోజు ఒకటి ఉంది. టేబుల్ మీద అరచేతిలో పట్టే బొమ్మ పడవలు రెండు, మార్కుకి గుర్తుగా ఒక వాటర్ బాటిల్ మూత. ఇద్దరు పిల్లలు వాటిని జరుపుతూ, గాలి ఇటు నుంచి, నేను ఇక్కడ, నువ్వు అక్కడ అని వాదించుకుంటున్నారు. ఒకడిది హైదరాబాదీ హిందీ, ఇంకొకడిది చెన్నై ఇంగ్లిష్. జ్యూరీ ఆయన ఇద్దరి మాటలూ పూర్తిగా విని, మూత ఒక అంగుళం పక్కకి జరిపి, మళ్లీ మొదట్నుంచి చెప్పమన్నాడు. బయట మిగతా పిల్లలు ఇంకా అంటించని ఫలితాల కాగితం కోసం గోడ దగ్గర మూగి ఉన్నారు. పొద్దున నాకు గాలి చూపించిన అమ్మాయి వాళ్లలోనే ఉంది, తడి జుట్టు తుడుచుకుంటూ వేళ్ల మీద పాయింట్లు కూడుకుంటోంది.